తుఫాను రాకముందే స్క్రిప్టుల్లో పాత్‌లు చూసుకోండి

శ్రీకాకుళం జిల్లాలో అక్టోబరు వచ్చిందంటే ఎవరి భయం వాళ్లది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలు, క్లినిక్ బిల్లులు ముందే బయటి సర్వర్‌కి పంపేసేవాళ్లున్నారు. మంచిదే. కానీ డేటా ఒక్కటే వెళ్తే చాలదు, బ్యాకప్ తీసే స్క్రిప్టు, అంటే కమాండ్లు వరసగా రాసిన ఫైలు, కూడా అక్కడ నడవాలి. అందులోని పాత్‌లు, అంటే ప్రోగ్రాములు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పే చిరునామాలు, అక్కడికీ సరిపోవాలి.

ముందు స్క్రిప్టు మొదటి లైను చూడండి. స్క్రిప్టుని ఏ ప్రోగ్రాం నడపాలో అక్కడ ఉంటుంది. /బిన్/బ్యాష్ అని ఉంటే (బ్యాష్ అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రాం) మీ ఉబుంటు లినక్స్‌లో ఇబ్బంది లేదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో బ్యాష్‌ని విడిగా వేసుకోవాలి, వేసినా అది /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో కూర్చుంటుంది. ఆల్పైన్ లినక్స్‌లో అయితే మనం వేసుకునేదాకా ఉండనే ఉండదు. ఫైలు కళ్ల ముందే కనిపిస్తుంటే 'నో సచ్ ఫైల్' అంటుంది సిస్టమ్. లేనిది మీ స్క్రిప్టు కాదు, బ్యాష్. ఆ లైనును /యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ బ్యాష్ అని మార్చండి, ఎన్వ్ బ్యాష్‌ని వెతికి నడుపుతుంది. దాని వెనకాల ఆప్షన్లు తగిలించకండి, లినక్స్ అదంతా కలిపి ఒకే పేరనుకుంటుంది. (విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైలైతే లైను చివర కనపడని అక్షరం చేరి కూడా ఇదే గొడవ పెట్టొచ్చు.)

లోపలి కమాండ్లకు పూర్తి పాత్ రాసినవాళ్లను తప్పుపట్టలేం. డెబియన్ లినక్స్‌లో చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌కి మామూలుగా తెలిసినవి /యూఎస్ఆర్/బిన్, /బిన్ రెండే. టెర్మినల్‌లో పగలు నడిచింది రాత్రి క్రాన్‌లో నడవకపోతే పాత్ రాసేసి ఊపిరి పీల్చుకుంటారు. అదే స్క్రిప్టు మ్యాక్‌కి వెళ్తే, అక్కడ ప్రోగ్రాములు వేసుకునే హోమ్‌బ్రూ పాత ఇంటెల్ మెషీన్లలో /యూఎస్ఆర్/లోకల్‌లో, కొత్త ఎమ్ సిరీస్‌లో /ఆప్ట్/హోమ్‌బ్రూలో ఉంటుంది. కాబట్టి పాత్ వేరియబుల్‌ని (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాని) స్క్రిప్టు పైన ఒక్కచోటే రాసి, కింద కమాండ్ల పేర్లు మాత్రమే వాడండి. రూట్‌గా, అంటే పూర్తి అధికారాలతో, నడిచే స్క్రిప్టుకి ఇది మరీ ముఖ్యం. ఎవరైనా రాయగలిగే ఫోల్డర్‌నీ, ఉన్న ఫోల్డర్‌ని సూచించే చుక్కనీ అందులో పెట్టకండి. టార్ (ఫైళ్లను మూటగట్టే కమాండ్) పేరుతో ఎవడో పెట్టిన ఫైలు రూట్‌గా నడిచిపోతుంది.

నన్ను అడిగితే అసలు ప్రమాదం స్క్రిప్టు ఆగిపోవడం కాదు, ఆగకపోవడం. డేటాబేస్ కాపీ తీసే మైసీక్వెల్‌డంప్ దొరక్కపోయినా, దాని అవుట్‌పుట్‌ని పైపు అవతల అందుకుని కుదించే జీజిప్ తన పని తాను చేసుకుపోతుంది. లోపల ఏమీ లేని 20 బైట్ల ఫైలు తయారవుతుంది, బ్యాకప్ అయిపోయిందనుకుంటాం. బ్యాష్‌లో 'సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్' పెట్టండి, పైపులో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్క. కావలసిన ప్రతి కమాండ్‌నీ ముందే 'కమాండ్ మైనస్ వి'తో వెతికించి, ఒక్కటి లేకపోయినా అక్కడే ఆపించండి.

కమాండ్ దొరికినంత మాత్రాన మన లినక్స్‌లోలాగే పనిచేస్తుందనీ లేదు. మ్యాక్ బ్యాష్ ఇంకా 3.2 వెర్షనే, టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్ తీరూ వేరు.

చివరగా 'ఎన్వ్ మైనస్ ఐ'తో ఖాళీ వాతావరణంలో (మన టెర్మినల్ సెట్టింగులేవీ లేకుండా) ఒకసారి, అవతలి సర్వర్‌లో ఒకసారి నడిపి, ఒక్క ఫైలైనా వెనక్కి తీసి తెరవండి. కళింగపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక ఈ పని పెట్టుకోకండి. వేయాల్సిన ప్యాకేజీల పేర్లు కాగితం మీద రాసి ఉంచండి, టవర్లు పడిపోతే ఫోన్ చేసి అడగడానికి కూడా ఉండదు.