మనకు నచ్చిన సంగీత ఆల్బమ్‌ను మరొకరికి సూచించడం ఎలా?

"వినడానికి ఏదైనా మంచి ఆల్బమ్ చెప్పండి" అని ఎవరైనా అడగగానే, మనలో చాలామంది తమకు నచ్చిన పాతిక పేర్లు ఏకబిగిన రాసి పంపిస్తారు. అడిగినవారు మర్యాదకు "తప్పకుండా వింటాను" అంటారు గాని ఒక్కటీ వినరు. ఇందులో వారి తప్పేమీ లేదు. పాతిక పేర్ల జాబితా మన అభిరుచి ఎంత విశాలమైనదో చాటుతుందే తప్ప, వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పదు. ఒక ఆల్బమ్, అందులో ముందుగా వినవలసిన ఒక భాగం, దానిని ఆ మనిషికే ఎందుకు చెబుతున్నామో తెలిపే ఒక కారణం ఉంటే చాలు. ఆ మూడింటినీ ఎలా ఎంచుకోవాలో ఇక్కడ చూద్దాం.

1. వారు ఏం వింటారో, ఎప్పుడు వింటారో ముందుగా కనుక్కోండి

"మీకు ఎలాంటి సంగీతం ఇష్టం?" అని అడిగితే "అన్నీ వింటాను" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు, ఈ మధ్య మళ్ళీ మళ్ళీ విన్న పాట ఏది, అందులో ఏ చోటు కోసం ఎదురుచూస్తారు అని అడగండి. ఒకే పాటను ఒకరు చరణానికి ముందు వచ్చే వయొలిన్ల బిట్ కోసం వింటారు, మరొకరు గాయకుడు పల్లవిని రెండోసారి అందుకుంటూ వేసే చిన్న సంగతి (స్వరాల మలుపు) కోసం వింటారు, ఇంకొకరు అచ్చంగా దరువు కోసం వింటారు. ఈ ముగ్గురికీ ఒకే ఆల్బమ్ పనికిరాదు.

ఎక్కడ వింటారన్నది కూడా అంతే ముఖ్యం. వంటింట్లో ఫోన్ స్పీకర్‌లో వినేవారికి మంద్రస్థాయి ధ్వనులు దాదాపుగా చేరవు. అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో వెలువరించిన జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లోని మొదటి భాగం 'సో వాట్'లో అసలు బాణీని ఎత్తుకునేది పాల్ చేంబర్స్ వాయించిన డబుల్ బాస్ (మంద్రస్థాయిలో పలికే పెద్ద తీగవాద్యం). అది సరిగ్గా వినిపించకపోతే, ఏదో మొదలవుతుందని ఎదురుచూస్తూ ఉండగానే సగం అందం జారిపోతుంది. ఇలాంటి వాటిని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినే అలవాటున్నవారికే చెప్పాలి.

2. మొత్తంగా వినదగినదాన్నే ఎంచుకోండి

మన దగ్గర ఆల్బమ్ అంటే చాలాకాలం సినిమా పాటల క్యాసెట్టే. సినిమా పాటలు కథలోని సందర్భాల కోసం పుడతాయి కనుక, క్యాసెట్‌లో వాటి వరుస అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం ఉండదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ఆర్‌పీఎం రికార్డుపై ఒక్కో వైపు మూడు నిమిషాల చొప్పున మాత్రమే సంగీతం పట్టేది. 1948లో కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టడంతో, ఆ నిడివినంతటినీ ఒకే రచనగా ఊహించే వీలు సంగీతకారులకు కలిగింది.

1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' దీనికి చక్కని ఉదాహరణ. శివకుమార్ శర్మ సంతూర్ (చిన్న కర్రలతో వాయించే తీగవాద్యం), హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ కలిసి, కాశ్మీర్ లోయలో ఒక గొర్రెల కాపరి గడిపిన ఒక రోజును వినిపిస్తాయి. ఉదయపు రాగమైన ఆహిర్ భైరవ్‌తో మొదలై, ఆయా వేళలకు తగిన రాగాల మీదుగా సాగి, పహాడీతో ముగుస్తుంది. దీనిని యాప్‌లో షఫుల్ (పాటల వరుసను కలగాపులగం చేసే ఏర్పాటు) పెట్టుకుని వింటే పొద్దున్నే పొద్దుగూకుతుంది. అందువల్ల ఇటువంటి ఆల్బమ్ చెప్పేటప్పుడు "షఫుల్ తీసేసి, మొదటి నుంచి వరుసగా వినండి" అన్న మాట తప్పనిసరిగా చేర్చాలి.

3. తెలిసిన సంగీతానికీ తెలియనిదానికీ మధ్య ఒక పోలికను పట్టుకోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. "జాజ్ చాలా గొప్పది, వినండి" అనడం సిఫారసు కాదు. వినేవారి చెవికి ఇప్పటికే అలవాటైన ఒక లక్షణం కొత్త ఆల్బమ్‌లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి, లేదా కచేరీలకు వెళ్ళే అలవాటున్నవారికి, 'సో వాట్' గురించి ఇలా చెప్పవచ్చు: అందులోని స్వరాలు మన ఖరహరప్రియ రాగపు స్వరాలే. పదహారు బార్ల (బార్ అంటే మన తాళపు ఆవర్తం లాంటిది) పాటు ఆ స్వరాల మీదే నిలిచి, తరవాత ఎనిమిది బార్లు మొత్తం సరంజామా ఒక్క స్వరస్థానం పైకి జరిగి, చివరి ఎనిమిది బార్లకు మళ్ళీ మొదటి చోటికి దిగివస్తుంది. వాయిద్యకారులు ఒకరి తరవాత ఒకరు ఈ చట్రం మీదే అప్పటికప్పుడు కల్పన చేస్తారు. అయితే స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదు. స్వరాన్ని ఊపుతూ పలికించే గమకం ఉండదు, కనుక ఖరహరప్రియ కోసం వెతికితే దొరకదు. ఈ హెచ్చరిక కూడా ముందే చెప్పేస్తే, విన్నవారు నిరాశపడకుండా తేడాను గమనించడం మొదలుపెడతారు.

లయ మీద మక్కువ ఉన్నవారికి 1959లోనే వచ్చిన, పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ బృందం జాజ్ ఆల్బమ్ 'టైమ్ అవుట్' మేలు. అందులో పాల్ డెస్మండ్ కూర్చిన 'టేక్ ఫైవ్' ఐదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. మన ఐదు దెబ్బల తాళమైన ఖండచాపును మనం రెండు, మూడు అని విడదీసుకుంటాం. ఇక్కడ విరుపు మూడు, రెండు. చేత్తో తాళం వేస్తూ విన్న మృదంగ విద్యార్థికి ఈ తిరగేసిన విరుపు తెలియడానికి అరనిమిషం కూడా పట్టదు. మధ్యలో పియానో ఒకే వరుసను వదలకుండా తిప్పుతూ ఉంటే, దాని మీద జో మోరెల్లో డ్రమ్స్ వాయిస్తాడు. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం వేళ లేచి కాఫీకి వెళ్ళిపోయేవారికి మాత్రం ఇది చెప్పకపోవడమే మంచిది.

సినిమా పాటల్లో వాద్యబృందపు బిట్ల కోసం చెవి కోసుకునేవారికి దూరం వెళ్ళనక్కర లేదు. ఇళయరాజా 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్' త్యాగరాజస్వామికీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన ఆల్బమ్, వి.ఎస్. నరసింహన్ వయొలిన్ దానికి ప్రాణం. అది రుచించినవారికి నేరుగా బాఖ్‌ను అందించవచ్చు. గాత్రమే ప్రధానమనుకునే, పాత పాటలంటే ప్రాణం పెట్టే పెద్దలకు 1997లో వెలువడిన క్యూబా ఆల్బమ్ 'బ్వేనా విస్టా సోషల్ క్లబ్' చెప్పి చూడండి. హవానాలో 1996లో దానిని రికార్డు చేసేనాటికి గాయకుడు కొంపాయ్ సెగుండో వయసు తొంభైకి దగ్గర పడింది, పియానో వాద్యకారుడు రూబెన్ గొన్సాలెస్ డెబ్బై దాటాడు. స్పానిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతుల్లోని నిదానం అర్థమవుతుంది.

4. ఏ రికార్డింగో స్పష్టంగా చెప్పండి

పేరు ఒక్కటే చెబితే యాప్‌లో పది ప్రతులు ఎదురవుతాయి. గ్లెన్ గూల్డ్ పియానో మీద బాఖ్ 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్'ను 1955లో ఒకసారి, 1981లో మరొకసారి రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాల్లో పరుగెడితే, రెండోది 51 నిమిషాలు తీసుకుంటుంది. ఒకదాన్ని మనసులో పెట్టుకుని చెబితే, అవతలివారు రెండోదాన్ని విని, మన మాటకూ తాము విన్నదానికీ పొంతన లేదనుకుంటారు. కొత్తవారికి నేను 1981 నాటిదే చెబుతాను. ఒక్కో స్వరమూ విడివిడిగా వినిపించే ఆ నింపాది మొదటిసారి వినేవారికి ఊపిరి పీల్చుకునే వీలిస్తుంది.

'కైండ్ ఆఫ్ బ్లూ' విషయంలో మరో చిక్కు ఉంది. మొదటి వైపు భాగాలను రికార్డు చేసిన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరగడం వల్ల, అచ్చయిన రికార్డులో ఆ మూడు భాగాలూ అసలు శ్రుతి కన్నా కాస్త పైన పలికాయి. ఈ లోపాన్ని 1990లలో సరిచేశారు. పాత రికార్డు పెట్టుకుని, పక్కన శ్రుతి పెట్టె మోగిస్తూ వినే వయొలిన్ విద్వాంసులకు ఇది ముందే చెప్పకపోతే తంటాయే. ఇక "డీలక్స్" అన్న ప్రతుల్లో మిగిలిపోయిన టేకులు కూడా చేరుస్తారు. మొదటిసారి వినేవారిని అసలు ఐదు భాగాలతోనే ఆపమనండి.

5. నాలుగైదు వాక్యాలు రాయండి, నలభై కాదు

కళాకారుడి జీవితచరిత్ర, అవార్డులు, అమ్ముడైన ప్రతుల లెక్కలు వదిలేయండి. వీణ నేర్చుకున్న మేనత్తకు పంపే సందేశం ఇలా ఉంటే చాలు:

"అత్తయ్యా, ఖరహరప్రియలో కీర్తన అంటే మీకు ఇష్టమని తెలుసు కనుక ఇది పంపిస్తున్నాను. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటిది మాత్రం వినండి, తొమ్మిది నిమిషాలు పడుతుంది. మొదటి అరనిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆపకండి. తరవాత బాస్ ప్రశ్న వేస్తే మిగిలిన వాద్యాలు రెండే స్వరాలతో జవాబు చెబుతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం మరిచిపోకండి."

ఇందులో "అద్భుతం", "వినకపోతే జన్మ వృథా" వంటి మాటలు లేవన్నది గమనించండి. అటువంటి మాటలు విన్నవారు, తమకు నచ్చకపోతే ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడతారు. అప్పుడు తరవాత ఏం చెప్పాలో మనకు తెలియకుండా పోతుంది.

6. రకరకాల సంగీతం కావాలంటే వరుస కూర్చండి

"ఒక్కటి కాదు, అన్ని రకాలవీ కావాలి" అని అడిగేవారూ ఉంటారు. అప్పుడు కూడా ఐదు దాటవద్దు, వారానికొకటి చొప్పున పంపండి, ప్రతి ఆల్బమ్‌లోనూ ముందుదాని ఛాయ కొంత ఉండేలా చూడండి. 'హౌ టు నేమ్ ఇట్' నుంచి గూల్డ్ వాయించిన బాఖ్‌కు, అక్కడి నుంచి 'కైండ్ ఆఫ్ బ్లూ'కు, తరవాత 'టైమ్ అవుట్'కు వెళ్ళడం సాఫీగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ సంగీతం వైపు తీసుకువెళ్ళాలంటే పాకిస్తానీ ఖవ్వాలీ (సూఫీ భక్తిగీతాల) గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1990 నాటి ఆల్బమ్ 'మస్త్ మస్త్' అనువైనది. గిటార్ వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ఆ ఆల్బమ్‌లో శీర్షిక పాట మామూలుగా ఒకసారి, బ్రిటిష్ బృందం మాసివ్ అటాక్ చేసిన రీమిక్స్‌గా మరోసారి ఉంటుంది. రెండూ వెంటవెంటనే వింటే, గొంతు అదే అయినా కింద నేల ఎలా మారిందో ఇట్టే తెలుస్తుంది. ఖవ్వాలీ విద్వాంసులు దీనిని అంతగా మెచ్చకపోవచ్చు. మన ఉద్దేశం దారి చూపడం గనుక ఫరవాలేదు.

7. విన్నాక ఏమడగాలి?

మరునాడే "విన్నారా?" అని ఫోన్ చేయకండి. వారం తరవాత, "నచ్చిందా?" అని కాకుండా, "ఎక్కడ ఆపేశారు?" అని అడగండి. 'సో వాట్' మధ్యలో ఆపేశానంటే నిడివి ఎక్కువైందన్నమాట. ఐదున్నర నిమిషాల 'టేక్ ఫైవ్' పంపండి. ట్రంపెట్ ధ్వని చెవికి పడలేదంటే జాజ్‌ను కొన్నాళ్ళు పక్కన పెట్టి, సంతూర్, వేణువు ఉన్న 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'కి రండి. మొత్తం విన్నాను గాని ఏమీ అనిపించలేదంటే, ఇంకో పేరు చెప్పకుండా, వారు ఈ మధ్య విన్నవాటిలో ఒకటి మిమ్మల్ని వినమని చెప్పమనండి. తరవాత ఏం సూచించాలో అందులోనే తెలుస్తుంది.