కరాటే ప్రాక్టీసుకు బూట్లు విప్పేదెలా?

బూట్లు విప్పడం కూడా నేర్పాలా అనకండి. ఏడాదిపాటు స్పోర్ట్స్ షూస్‌తో కిక్కులు కొట్టి, బెల్టు టెస్టుకు వారం ముందు వట్టి కాళ్లతో దిగి, బొబ్బలతో కుంటుకుంటూ ఇంటికెళ్లే పిల్లల్ని చూసి చూసి విసుగొచ్చింది.

ముందు చిల్లర పనులు. గోళ్లు కత్తిరించుకోండి. మెట్టెలు, పట్టీలు తీసేయండి. కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు తుడుచుకోండి. మాట్ అంచుదాకా చెప్పులతోనే రండి. మాట్ లేకపోతే నున్నటి గచ్చు చాలు, గరుకు సిమెంటు వద్దు. ఊడ్చాక నేలను అరచేత్తో తడమండి. సాక్సులతో మాత్రం దిగకండి, జారిపడతారు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే బూట్లు విప్పాలి. అరికాలికి స్పర్శ తగ్గి ఉంటే ఏదైనా గుచ్చుకున్నా తెలియదు.

మొదటి వారం రోజుకు పావుగంటే. నడక, స్టాన్సులు (నిలబడే భంగిమలు), మే-గేరి (ఎదురుగా తన్నే తన్ను), అంతే. మే-గేరిలో వేళ్లు వెనక్కి ఎత్తి, వాటి మొదట్లో ఉన్న మెత్తతో కొట్టాలి. బూటులో ఉన్నంతకాలం వేళ్లు ఎత్తకపోయినా ఆ తప్పు ఎవరికీ కనపడదు. నాకూ కనపడలేదు. బూట్లు విప్పి ప్యాడ్‌ను తన్నిన మొదటి రోజే బొటనవేలు వంకాయలా వాచింది.

అసలు చిక్కు మవాషి-గేరి, అంటే పక్కనుంచి కాలు తిప్పి కొట్టే తన్ను దగ్గర. అందరూ తన్నే కాలినే చూస్తారు. దెబ్బ తినేది నిలబడ్డ కాలు. బూటు రబ్బరు నేలను పట్టేస్తుంది. పాదం ఆగిపోతుంది, నడుము తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. వట్టి కాలైతే తిరుగుతుంది గానీ, పాదమంతా ఆనించి తిప్పితే చర్మం లేచిపోతుంది. చెమట పట్టిన కాలు మాట్‌కు అతుక్కుంటుంది కూడా.

అందుకే గోడ పట్టుకుని మొదలుపెట్టండి. నిలబడ్డ కాలి మడమను కాగితం దూరేంత లేపండి, ఎక్కువ వద్దు. బరువు బొటనవేలి కింది ఉబ్బు మీద ఉండాలి. ఇప్పుడే తన్నొద్దు. తన్నే కాలి మోకాలు ఎత్తుతూనే నిలబడ్డ కాలి మడమను టార్గెట్ వైపు తిప్పండి. తన్నేశాక పాదాన్ని లాక్కోవడం కాదు, పాదం తిరిగాకే తన్ను. కనీసం 90 డిగ్రీలు తిరగాలి, ఎత్తుకు తన్నాలంటే ఇంకా ఎక్కువ.

సరిగ్గా తిరిగిందో లేదో తేల్చుకోవడానికి ఆ ఉబ్బుకు చాక్‌పీసు రుద్దుకుని గచ్చు మీద తిరగండి. గుండ్రటి మరక పడితే తిరిగినట్టు, చార పడితే ఈడ్చినట్టు. పదిసార్లకోసారి అరికాలు చూసుకోండి. ఎర్రగా, వేడిగా ఉంటే ఆ రోజుకు ఆపేయాల్సిందే. "ఇంకో ఐదు కొట్టి ఆపుతా సార్" అన్నవాళ్లకే బొబ్బలు చితుకుతాయి.

ఫ్రెంచివాళ్ల పోరాట విద్య సవాత్‌లో బూట్లతోనే తంతారుగా అని ఒక మిత్రుడి వాదన. నిజమే, అక్కడ బూటే ఆయుధం, తన్నులన్నీ దానికి తగ్గట్టే తయారయ్యాయి. కరాటే తన్నులు అలా పుట్టలేదు. రోడ్డు మీద గొడవైతే బూట్లుంటాయిగా అంటే, ముందు వట్టి కాళ్లతో నేర్చుకుని, తర్వాత పలచటి అడుగున్న బూట్లతో వారానికోసారి పది నిమిషాలు చేయండి. బూట్ల నుంచి వట్టి కాళ్లకు రావడమే కష్టం.

జాగింగ్‌కు మాత్రం బూట్లు వేసుకోండి. మన రోడ్ల మీద నేనూ వేసుకుంటాను.