క్వీన్స్‌లాండ్‌లో ఫోర్‌వీల్ బండికి గట్టి వెనక యాక్సిల్ వేయాలంటే అనుమతి ఎలా తెచ్చుకోవాలి

పెద్ద టైర్లు వేశాం, డిఫ్ లాకర్ (యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) పెట్టాం, వెనక యాక్సిల్ కూడా గట్టిది వేసేస్తే సరి అనుకునేవాళ్లు బ్రిస్బేన్ తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఆ కోరికలో తప్పేం లేదు. నిస్సాన్ పేట్రోల్‌నే తీసుకోండి. మామూలుగా కనిపించే వెనక యాక్సిల్ హెచ్233, కొన్ని క్యాబ్ ఛాసిస్ రకాలకు, అంటే క్యాబిన్ వెనక బాడీ లేకుండా వచ్చే వాటికి, వచ్చింది హెచ్260. ఆ అంకెలు మిల్లీమీటర్లలో క్రౌన్ వీల్, అంటే యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్‌లో ఉండే పెద్ద పళ్ల చక్రం, సైజు. రాళ్ల మధ్య చక్రం ఇరుక్కుని బండి గుంజేటప్పుడు పళ్లు నిలుస్తాయా, రాలతాయా అన్నది ఆ 27 మిల్లీమీటర్ల దగ్గరే తేలుతుంది. అయితే ఆ బండి రోడ్డెక్కాలంటే మాడ్ ప్లేట్, అంటే మార్పుకు ఆమోదం ఉందని చూపే పలక, కావాలి. దానికి సంబంధించిన పని యాక్సిల్ కొనకముందే మొదలుపెట్టాలి.

రవాణా శాఖ, అంటే టీఎంఆర్, కౌంటర్‌లో ఫారం ఇచ్చి వచ్చేస్తే జరిగే పని కాదిది. మార్పులను తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే అధికారాన్ని శాఖ కొందరికి ఇచ్చింది. వాళ్లను అప్రూవ్డ్ పర్సన్ అంటారు, మాటల్లో ఇంజనీర్ అనేస్తాం. మన దరఖాస్తు వెళ్లేది ఆయన దగ్గరికే. అందరికీ అన్ని మార్పుల మీదా అధికారం ఉండదు, ఒక్కొక్కరికి కొన్ని కోడ్‌లే, అంటే కొన్ని రకాల మార్పులే, ఉంటాయి. కాబట్టి ఫోన్ చేసినప్పుడు ముందుగా "వెనక యాక్సిల్ మార్పుకు మీరు ప్లేట్ ఇవ్వగలరా?" అని అడగండి. ఇవ్వగలనంటే బండి మోడల్, సంవత్సరం, విన్ నంబర్ (బండి ఛాసిస్ నంబర్), వేయబోయే యాక్సిల్ ఏ బండిదో, టైర్ సైజు రాసి పంపండి. ఆయన ఏవి కుదురుతాయో, ఏవి కుదరవో చెబుతారు. అది రాతలో ఉంచుకోండి.

ఆయన కొలతలకు పట్టుకునే పుస్తకం వీఎస్‌బీ14, దేశమంతటికీ ఉన్న మార్పుల నియమావళి. అందులో మనల్ని ఎక్కువగా ఆపేది ట్రాక్, అంటే ఒకే యాక్సిల్ మీదున్న రెండు చక్రాల మధ్య దూరం. ఇలాంటి ఫోర్‌వీల్ బండ్లకు తయారీదారు ఇచ్చిన కొలత మీద 50 మిల్లీమీటర్లకు మించి పెంచకూడదు. ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్ వాళ్లకు దీని బాధ బాగా తెలుసు. 2007లో వీ8 ఇంజన్ కోసం టయోటా ముందు యాక్సిల్‌ను వెడల్పు చేసి, వెనకది అలాగే వదిలేసింది. దాంతో వెనక ట్రాక్ ముందుదాని కన్నా మొత్తం సుమారు 95 మిల్లీమీటర్లు తక్కువగా ఉండిపోయింది. ఇసుకలో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, కొత్త దారి కోసుకుంటూ వస్తాయి. ఆ లోటు మొత్తం తీర్చాలంటే 50 చాలదు. ఆ బండికే పరీక్షలు చేయించి, ఆమోదం తెచ్చుకున్న వెడల్పు యాక్సిల్‌లు అమ్ముతారు. వాటికి డబ్బు కట్టేముందు ఆమోద పత్రాలు చూపించమనండి. చక్రాలకు స్పేసర్లు వేసి సర్దుకుందాం అని మాత్రం అనుకోకండి, అవి కుదరవు.

తర్వాత బ్రేకులు. కొత్త యాక్సిల్‌తో హ్యాండ్ బ్రేక్ ఏటవాలులో బండిని నిలబెట్టాలి, ఏబీఎస్ సెన్సార్లు ముందులాగే పనిచేయాలి. గేర్ నిష్పత్తి మారితే స్పీడోమీటర్ కూడా తప్పుతుంది. ఇటీవలి బండ్లలో అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. నిజంగా 100లో వెళ్తుంటే 114 దాకా చూపవచ్చు, 99 చూపితే ఫెయిల్. ఇంకో సంగతి, ముందు డిఫరెన్షియల్ నిష్పత్తి 3.9, వెనకది 4.1 అయితే గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేయగానే గేర్లు బిగుసుకుపోతాయి. రెండింటి నిష్పత్తీ ఒక్కటే ఉండాలి.

మా మిత్రుడొకరు తొందరపడ్డారు. స్క్రాప్ యార్డులో యాక్సిల్ కొని, కమాన్ పట్టీలు కూర్చునే దిమ్మెలు వెల్డింగ్ చేయించి, నల్ల పెయింట్ కొట్టించి తీసుకెళ్లారు. ఇంజనీర్ టార్చ్ వేసి చూసి, "వెల్డ్ కనిపించట్లేదు, నేను సంతకం పెట్టలేను" అన్నారు. పెయింట్ గీకిస్తే ఒకచోట వెల్డ్ లోపలికి పట్టలేదు, పైపైనే అంటుకుంది. మళ్లీ మొత్తం విప్పారు. ఆ టెన్షన్ మీకొద్దు. పెయింట్‌కు ముందే పిలిచి చూపించండి, ప్రతి దశలో ఫోటోలు తీసుకోండి, వెల్డర్ బిల్లు దాచండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న తమ్ముడి థార్‌కి ఇదే దారి చెప్పకండి. భారత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చాలా బిగుతైనది. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

తనిఖీ, రోడ్డు మీద పరీక్ష అయ్యాక సర్టిఫికెట్ చేతికొస్తుంది, బండికి నీలం రంగు మాడ్ ప్లేట్ బిగిస్తారు. దాని మీద విన్ నంబర్, కోడ్ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. గట్టి యాక్సిల్ వేశాం కదా అని బండి మోయగల బరువు, అంటే జీవీఎం, పెరగదు. దానికి వేరే సర్టిఫికెట్ కావాలి. ఇన్సూరెన్స్ వాళ్లకు సర్టిఫికెట్ కాపీ అదే రోజు ఈమెయిల్ చేసి, మార్పును పాలసీలో చేర్చినట్టు జవాబు తెప్పించుకోండి.