కొలరాడో మంచు కొండల్లో వచ్చే ఇబ్బందులు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

డెన్వర్, డాలస్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది చలికాలంలో స్కీయింగ్‌కి, ఎండాకాలంలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తిప్పడానికి సమ్మిట్ కౌంటీకి వెళ్తుంటారు. బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, కాపర్ మౌంటెన్ అన్నీ అక్కడివే. ఆ కొండల మీద పెద్ద ప్రమాదాలు చాలావరకు చెప్పకుండా రావు. ముందు చిన్న సూచన ఏదో వస్తుంది. ఇంత డబ్బు కట్టి వచ్చాం కదా అని మనమే దాన్ని పట్టించుకోం.

మొదటి రాత్రే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం

కారణం ఎత్తు. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంటే, బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల మీద ఉంది. స్కీయింగ్ చేసేవాళ్లను కొండ పైకి మోసే లిఫ్టులు 12,800 అడుగులు దాటి పైకి వెళ్తాయి. ఊళ్లోనే గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతం దాకానే ఉంటుంది, అందే ఆక్సిజన్ కూడా దాదాపు 70 శాతమే. పొద్దున డాలస్‌లో ఫ్లైట్ ఎక్కి సాయంత్రానికి రిసార్ట్‌లో ఉంటే ఒంటికి అలవాటయ్యే వ్యవధే దొరకదు. ఫిట్‌నెస్ దీన్ని ఆపదు. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడికి కూడా రావచ్చు.

తలనొప్పి మొదలైతే ఆ రోజు ఇంకా పైకి వెళ్లొద్దు. మద్యం ముట్టొద్దు, నిద్రమాత్ర వేసుకోవద్దు. నీళ్లు తాగి, తేలికగా తిని విశ్రాంతి తీసుకోండి. తలనొప్పికి పారాసెటమాల్ (అక్కడ టైలెనాల్ అంటారు) వేసుకోవచ్చు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. తగ్గకపోగా పెరుగుతుంటే డెన్వర్‌కు దిగిపోవాలి. షాపుల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాల ఊరట కొద్ది నిమిషాలే, వాటిని నమ్ముకుని పైనే ఉండిపోవద్దు.

రెండు విషయాల్లో మాత్రం తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. మనిషి తడబడుతూ, గీత మీద నడిచినట్టు అడుగు వెనక అడుగు వేయలేకపోతే మెదడులో వాపు మొదలై ఉండొచ్చు. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూ ఉండొచ్చు. వెంటనే 911కి ఫోన్ చేయాలి, ఆక్సిజన్ అందాలి, కిందికి దించాలి.

వెళ్లేటప్పుడు ఒక రాత్రి డెన్వర్‌లో పడుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇదివరకు ఇలా అయినవాళ్లు డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే ఈ బాధ రాకుండా వేసుకునే మాత్ర) గురించి ముందే డాక్టర్‌ని అడగాలి. సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతీ చెప్పాలి.

బూట్లు వేసుకున్న కాసేపటికే పిక్క ముందు నొప్పి, వేళ్లు తిమ్మిరి

చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకోవడం, ప్యాంటు అంచు బూటులోకి దోపడం వల్ల వచ్చే నొప్పి ఇది. ఆ ముడతలే ఎముకను నొక్కుతాయి, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. పొడవాటి పల్చని స్కీ సాక్స్ ఒక్క జత చాలు. మడమను వెనక్కి తట్టి కూర్చోబెట్టి బకుల్స్ బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచును తాకాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి. రెంటల్ షాపులో బరువు, ఎత్తు, అనుభవం నిజం చెప్పండి. పడినప్పుడు స్కీ ఎంత బలానికి ఊడాలో వాటిని బట్టే సెట్ చేస్తారు. జీన్స్ మాత్రం వద్దు, కాటన్ తడిస్తే ఆరదు.

స్కీ ఆగడం లేదు, వేగం పెరిగిపోతోంది

భయం వేస్తే ఎవరైనా వెనక్కి వాలతారు. అలా వాలగానే స్కీ ముందు భాగం మీద బరువు పోతుంది, తిప్పడం మన చేతిలో ఉండదు. పిక్క ముందు భాగాన్ని బూటుకు ఆనించి, చేతులు ముందుకు పెట్టి, స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా ఉంచాలి. పిల్లలకు పిజ్జా ముక్క అని నేర్పేది ఇదే. అప్పటికీ ఆగకపోతే పక్కకు, కొండ పైవైపుకు పడిపోండి. జారుతుండగానే లేవాలని చూడొద్దు, మోకాలి లిగమెంట్లు అలానే తెగుతాయి.

అసలు కారణం తరచుగా ఫ్రెండ్స్. "ఏం కాదు, వచ్చెయ్" అని మొదటిరోజే బ్లూ రన్‌కి (నీలం గుర్తున్న వాలుకి) తీసుకెళ్తారు. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. మొదటిరోజు ఒక క్లాసు తీసుకుని మ్యాజిక్ కార్పెట్ (కొత్తవాళ్లను చిన్న వాలు పైకి తీసుకెళ్లే కదిలే పట్టీ) దగ్గరే ఉండండి. ఖర్చు ఎక్కువే అయినా ఇక్కడ పొదుపు చేయొద్దని గట్టిగా చెప్తాను. పొరపాటున నిటారు వాలు మీద ఇరుక్కుంటే అంచుకు చేరి స్కీ పెట్రోల్‌కి (కొండ మీద ఆపదలో ఆదుకునే రిసార్ట్ సిబ్బందికి) ఫోన్ చేయండి. వాళ్ల నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

ముందు వెళ్లేవాళ్లకే దారి హక్కు. వాళ్లను తప్పించుకోవాల్సిన బాధ్యత పైనుంచి వచ్చేవాళ్లదే. ఆగాలనుకుంటే పైవాళ్లకు కనబడేచోట ఆగండి. తాడు కట్టి మూసిన చోటికి వెళ్లొద్దు, అవతల మంచు చరియ విరిగిపడొచ్చు.

రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట

ఇది కంటిపొరకు తగిలిన ఎండదెబ్బ. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. మబ్బు పట్టిందని గాగుల్స్ తీసేసినవాళ్లకూ వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి, కళ్లు నలపకండి, చల్లటి తడిగుడ్డ వేసుకుని చీకటి గదిలో ఉండండి. రెండు రోజుల్లో తగ్గకపోయినా, చూపు మసకబారినా డాక్టర్ చూడాలి.

వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోవడం

లోపలికి వెళ్లి, తడి గ్లవ్స్ తీసి, చేతులు చంకల్లో పెట్టుకోండి. రుద్దొద్దు, హీటర్ మీద పెట్టొద్దు. స్పర్శ తెలియదు కాబట్టి కాలినా తెలియదు. చర్మం గట్టిపడి మైనంలా ఉంటే ఆస్పత్రికే.

ఐ-70 హైవే మీద కారు జారడం

సెప్టెంబర్ నుంచి మే దాకా ఆ రోడ్డు కొండ భాగంలో టైర్ల మీద చట్టమే ఉంది. టూ వీల్ డ్రైవ్ కారుకి (ఇంజిన్ రెండు చక్రాలనే తిప్పేదానికి) వింటర్ టైర్లో, టైర్లకు చుట్టే గొలుసులో ఉండాలి. కారు అద్దెకు తీసుకునేటప్పుడే అడగండి.

జులైలో అమ్మానాన్నలకు పైకెళ్లగానే కళ్లు తిరగడం

కొలరాడో స్ప్రింగ్స్ దగ్గరుండే పైక్స్ పీక్ శిఖరం 14,000 అడుగులు దాటుతుంది, పైదాకా కారు వెళ్తుంది. ఇండియా నుంచి దిగిన మర్నాడే బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లను అక్కడికి తీసుకెళ్తే ఇబ్బందే. రెండు మూడు రోజులు డెన్వర్‌లో ఉంచి, డాక్టర్‌ని అడిగి, అప్పుడు వెళ్లండి. పైన ఎక్కువసేపు ఉండొద్దు, మెట్లు గబగబా ఎక్కించొద్దు. కళ్లు తిరిగాయంటే ఫొటోలు ఆపి దిగిపోవడమే.

మధ్యాహ్నం ఉరుము వినబడింది

జులై, ఆగస్టుల్లో పొద్దున ఎంత తేటగా ఉన్నా మధ్యాహ్నానికి పిడుగులు పడతాయి. తెల్లారగానే నడక మొదలుపెట్టి, పన్నెండు లోపు చెట్లు లేని ఎత్తు నుంచి దిగిపోవాలి. ఉరుము వినబడితే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కే. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. అద్దాలు మూసిన కారు మంచిది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

నీళ్లలో దిగగానే ఊపిరి అందకపోవడం

జూన్ వాగుల్లో ఉండేది కరిగిన మంచే. ఆ చల్లదనానికి ఒక్కసారిగా ఎగశ్వాస వచ్చి, ఈత వచ్చినవాళ్లూ నీళ్లు మింగుతారు. పడవెక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి. ఎవరైనా మునిగితే వెంట దూకకుండా తాడో, తేలే వస్తువో విసిరి 911కి ఫోన్ చేయండి.

మూస్ (గుర్రమంత పెద్ద దుప్పి లాంటి జంతువు) చెవులు వెనక్కి వాల్చి చూస్తోంది

మనం మరీ దగ్గరికి వెళ్లామన్నమాట. దాని పక్కన పిల్ల ఉంటే ఇంకా ప్రమాదం. మెల్లగా వెనక్కి జరగండి. మీదికి వస్తే పరుగెత్తి పెద్ద చెట్టు చాటుకు చేరండి.