గదిలో ఉంచిన పిల్లిని ఆడించే ముందు

☐ ఆపరేషన్ అయిన పిల్లా? గెంతే ఆటలు ఆడించొచ్చో లేదో ముందు డాక్టర్‌ని అడగండి.

☐ దారం, రిబ్బన్, రబ్బరు బ్యాండ్ ఎక్కడైనా పడి ఉన్నాయేమో మంచం కింద కూడా వంగి చూడండి. నాకు అన్నిటికన్నా టెన్షన్ దీనికే. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు తిరిగి ఉంటాయి. చిక్కిన దారాన్ని ఉమ్మలేదు, మింగేస్తుంది. అది పేగుల్ని ముడతలు పడేలా లాగేస్తుంది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడితే లాగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈకల కర్ర కూడా ఆట కాగానే బీరువాలోకే.

☐ కిటికీ జాలీ గట్టిగా ఉందా? చేత్తో నెట్టి చూడండి.

☐ లిల్లీ పూలు తీసేయండి. పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి.

☐ పిల్లి వెతుక్కునే ఆట కోసం అట్టపెట్టెలో దాచే తిండి రోజువారీ కొలతలోంచే తీశారా?

☐ లేజర్ లైటా? కళ్లలో పడనీయకండి, చివర్లో పట్టుకోవడానికి ఒక బొమ్మ ఇవ్వండి. పాపం, ఉత్త వెలుగు ఎంత పట్టినా దొరకదు.