కెమికల్ ఈక్వేషన్ బ్యాలెన్స్ కావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రాయగడ, గుణుపూర్, కొరాపుట్ వైపు మన పిల్లల్లో చాలామంది బడిలో సైన్స్ ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుని, ఇంటికొచ్చి సందేహం మాత్రం తెలుగులో అడుగుతారు. "లెక్క కుదరట్లేదు సార్, మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టనా?" అని. చెరపొద్దు. చెరిపేస్తే తప్పు ఏ రకందో తెలియదు, రెండోసారీ అదే చేస్తారు.

సమస్య: బాణం గుర్తుకు రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోయింది, అయినా మార్కు రాలేదు.

ఫార్ములాలో కింద ఉండే చిన్న అంకెను మార్చేసి ఉంటారు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే చర్యలో కుడివైపు ఒక ఆక్సిజన్ తగ్గిందని హెచ్₂ఓ ను హెచ్₂ఓ₂ చేస్తారు. లెక్క కుదురుతుంది కానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఫార్ములాలు రాయగానే ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో గడి గీయండి. గడిలో ఇక చెయ్యి పెట్టకూడదు, అంకె వేస్తే గడి ముందే వేయాలి: 2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ.

సమస్య: ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోంది.

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే, అందుకే దీన్ని కాస్త వివరంగా చూద్దాం. పంచపట్మాలి కొండ బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) నుంచి దామన్‌జోడిలో అల్యూమినా, అంటే ఏఎల్₂ఓ₃ తీస్తారు. అది అంగుల్ స్మెల్టర్‌కు (లోహం తీసే కర్మాగారానికి) వెళ్లి, కరెంటు సాయంతో లోహమవుతుంది. కరెంటు పంపడానికి అక్కడ వాడే కార్బన్ దిమ్మెలు (యానోడ్‌లు) ఆక్సిజన్‌తో కలిసి అరిగిపోతుంటాయి.

ఏఎల్₂ఓ₃ + సి → ఏఎల్ + సిఓ₂

పిల్లలు ముందు అల్యూమినియం దగ్గర 2 వేస్తారు. కార్బన్ ఎలాగూ సరిపోయిందనుకుంటారు. తర్వాత ఆక్సిజన్‌కు అంకె వేయగానే ఆ రెండూ చెడతాయి. కారణం, ఒంటరిగా ఉన్న మూలకంతో మొదలుపెట్టడం. ఏఎల్, సి ముందు ఏ అంకె వేసినా మిగతావేవీ కదలవు, కాబట్టి వాటిని చివరికి ఉంచుకోవచ్చు. రెండు వైపులా సమ్మేళనంలోనే ఉన్నది ఆక్సిజన్. ఎడమ 3, కుడి 2, క.సా.గు. (ఎల్‌సిఎం) 6. అంటే ఎడమ 2ఏఎల్₂ఓ₃, కుడి 3సిఓ₂. ఇప్పుడు అల్యూమినియం 4, కార్బన్ 3 వాటంతట అవే తేలతాయి.

2ఏఎల్₂ఓ₃ + 3సి → 4ఏఎల్ + 3సిఓ₂

సమస్య: చివర్లో అర (½) అంకెలు వస్తున్నాయి.

టెన్షన్ అక్కర్లేదు, దారి సరిగ్గానే ఉంది. వంటగ్యాస్‌లోని బ్యూటేన్ (సి₄హెచ్₁₀) మండితే 4 సిఓ₂, 5 నీరు వస్తాయి. వాటిలో ఆక్సిజన్ పరమాణువులు 13. ఆక్సిజన్ అణువులో రెండేసి ఉంటాయి కాబట్టి ఆరున్నర అణువులు కావాలి. మొత్తాన్ని రెట్టింపు చేయండి: బ్యూటేన్ 2, ఆక్సిజన్ 13, కార్బన్ డయాక్సైడ్ 8, నీరు 10.

సమస్య: బ్రాకెట్ ఉంటే లెక్క తప్పుతోంది.

అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఏఎల్(ఓహెచ్)₃ లో ఆక్సిజన్ ఒకటే అని లెక్కేస్తారు. బ్రాకెట్ బయటి 3 లోపలి రెండింటికీ వర్తిస్తుంది. దామన్‌జోడిలో దీన్ని బాగా వేడిచేసి నీరు పోగొడితేనే అల్యూమినా వస్తుంది: 2ఏఎల్(ఓహెచ్)₃ → ఏఎల్₂ఓ₃ + 3హెచ్₂ఓ. రెండు వైపులా ఆక్సిజన్ 6, హైడ్రోజన్ 6. వేళ్లమీద లెక్కపెట్టి చూడండి.

సమస్య: ఎన్ని అంకెలు వేసినా కుదరట్లేదు.

ఏదో పదార్థం రాయడం మర్చిపోయారు. జింక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే జింక్ క్లోరైడ్ అని రాసి ఆగిపోతే హైడ్రోజన్ ఎడమవైపే మిగిలిపోతుంది. ఒక వైపే కనిపించే మూలకం ఉందేమో ముందు వెతకండి. ఇక్కడ హైడ్రోజన్ వాయువును చేర్చి, ఆమ్లం ముందు 2 వేస్తే చాలు. వేలెన్సీ (ఒక మూలకం ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే అంకె) తప్పైతే మాత్రం పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మెగ్నీషియం క్లోరైడ్‌ను ఎంజిసిఎల్₂ బదులు ఎంజిసిఎల్ అని తప్పుగా రాసినా అంకెలు కుదిరిపోతాయి. అందుకే ఫార్ములాను వేలెన్సీతో సరిచూశాకే గడి గీయండి.