ఇంటి అనుమతికి దరఖాస్తు: నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ముందుగా సరిచూసుకోవలసినవి

సొంత జాగాలో ఇల్లు కట్టుకోదలచినవారు మొదట వార్డు ప్రతినిధిని కలవడం నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఇప్పటికీ అలవాటుగానే ఉంది. అయితే పురపాలక పాలకమండలి తీర్మానాలు చేయవచ్చును గానీ, ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చే అధికారం దానికి లేదు. 2020లో వచ్చిన భవన అనుమతుల స్వీయ ధ్రువీకరణ చట్టం ప్రకారం దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే సాగుతుంది. ఆ ఏడాది నవంబరు 16న టీఎస్-బీపాస్ పేరుతో మొదలైన ఈ ఏర్పాటు స్థానంలో 2025లో బిల్డ్‌నౌ వచ్చింది. పోర్టల్ పేరు మారినా మూల సూత్రం మారలేదు. దరఖాస్తుదారు చెప్పినది నిజమని నమ్మి ముందు అనుమతి ఇస్తారు, తనిఖీ తర్వాత చేస్తారు. తప్పు చెప్పినట్టు తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండానే కట్టడాన్ని కూల్చే అధికారం కూడా ఉంది. అందుకే అప్‌లోడ్ చేయడానికి ముందు చేసే పనే అసలైన పని.

జాగా 75 గజాల లోపు ఉండి, గ్రౌండ్ ఫ్లోరు, దానిపై ఒక అంతస్తు మాత్రమే కట్టేవారికి అనుమతి అవసరం లేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే సరిపోతుంది. 75 గజాలు దాటి 500 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 600 గజాల లోపు జాగాలో, పది మీటర్లకు మించని ఎత్తులో కట్టే నివాస గృహానికి స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించినవి ఏకగవాక్ష విధానంలోకి, అంటే అన్ని శాఖల అనుమతులకూ ఒకే దరఖాస్తు సరిపోయే విధానంలోకి వెళ్తాయి. 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే అనుమతి వచ్చినట్టే భావించాలని చట్టం చెబుతోంది.

రిజిస్టరు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందరి యజమానుల దస్తావేజులు), ఈసీ (జాగాపై జరిగిన లావాదేవీలు చూపే పత్రం), జాగా ఫొటో, లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు గీసిన ప్లాను సిద్ధంగా ఉంచుకోవాలి. వీటిని సేకరించడం కష్టం కాదు. చిక్కు వచ్చేది కొలతల్లో. దస్తావేజులో 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు అని రాసి ఉండి, టేపు పట్టి చూస్తే వెడల్పు పదిహేడున్నరే తేలడం పాత బస్తీల్లో అరుదు కాదు. అలాంటప్పుడు తక్కువ కొలత ప్రకారమే ప్లాను గీయించుకోవాలి.

తర్వాత చూడవలసింది పట్టణంలో ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాను. జాగా నివాస జోన్‌లో లేకపోతే, ముందుగా భూ వినియోగ మార్పిడికి ప్రభుత్వం నుంచి ఉత్తర్వు రావాలి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకునే నాలా పత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు. రెండూ ఒకటేననుకుని పొరబడేవారు చాలామంది. పానగల్ ఉదయ సముద్రం వైపు గానీ, మహబూబ్‌నగర్ పెద్ద చెరువు పరిసరాల్లో గానీ జాగా కొన్నవారు ఎఫ్‌టీఎల్ హద్దును, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దును తప్పనిసరిగా తెలుసుకోవాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని 2012 నాటి 168 నంబరు జీవో నిర్దేశిస్తోంది. ఇంటి పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఈ నిబంధన నుంచి మినహాయింపు దొరకదు.

అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు ఉన్నవారు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) రుసుమును ముందుగానే లెక్క వేసుకోవాలి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్న ఒకరికి 150 గజాల ప్లాటు ఉందనుకుందాం. అది సుమారు 125 చదరపు మీటర్లు. 101 నుంచి 300 చదరపు మీటర్ల వరకు మీటరుకు 400 రూపాయల చొప్పున మూల రుసుము సుమారు 50 వేలు అవుతుంది. రిజిస్ట్రేషన్ నాటి మార్కెట్ విలువ గజానికి 3,000 లోపు ఉంటే అందులో 20 శాతం, అంటే పదివేల చిల్లర కడితే చాలు. అసలు బరువు ఖాళీ స్థలం రుసుముది. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. గజం 2,500 రూపాయలనుకుంటే అది 52,500 రూపాయలు. లేఅవుట్ వేసినవారు వదలని జాగాకు ఇక్కడ మూల్యం చెల్లిస్తున్నది కొనుక్కున్నవారే.

తక్షణ అనుమతిలో బెటర్‌మెంటు, అభివృద్ధి, పర్మిట్ రుసుములను పోర్టలే లెక్కగట్టి చూపుతుంది. నిర్మాణ వ్యయంపై ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు కూడా ఉంటుంది గానీ, సొంత నివాసానికి యాభై లక్షల లోపు ఖర్చయితే అది వర్తించదు (2025 నవంబరు వరకు ఈ పరిమితి పది లక్షలు). తెరపై చూపిన మొత్తాన్ని ఆన్‌లైన్‌లోనే చెల్లించి రసీదు భద్రపరచుకోవాలి.

ఇందిరమ్మ ఇంటికి ఎంపికైనవారు మరో విషయం గమనించాలి. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పకపల్లిలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన ఈ పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. పైన చెప్పిన 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు జాగాకు ఆ కొలతలు పూర్తిగా ఉన్నాయనుకుంటే విస్తీర్ణం 72 గజాలు. ఒక్క రూపాయి నమోదు దానికి చాలు. ముందు వైపు మీటరున్నర, అంటే అయిదు అడుగులు వదిలితే 18 అడుగుల వెడల్పు, 31 అడుగుల పొడవుతో 558 చదరపు అడుగులు మిగులుతాయి. రూపాయి నమోదు పై అంతస్తుకు ఒప్పుకున్నా, ఆ అంతస్తు కూడా వేస్తే పథకం పరిమితి దాటిపోయి విడతల చెల్లింపు ఆగిపోతుంది. తొలి విడత లక్ష రూపాయలు బేస్‌మెంట్ పూర్తయ్యాకే జమ అవుతాయి కాబట్టి, ముగ్గు పోసే రోజునే మేస్త్రీ చేతిలో ప్లాను ప్రతి ఒకటి పెట్టి, ముందు వదలవలసిన అయిదు అడుగులను టేపుతో కొలిపించి చూసుకోవాలి.